చంద్రుడి రంగు 1902 నాటిదే

సంపాదకులకు,

ఫ్రాన్స్ దర్శకుడు జార్జ్ మెలియెస్ 1902లో తీసిన మూకీ సినిమా 'ఎ ట్రిప్ టు ది మూన్'కు ఏఐతో రంగులద్దిన వీడియోలు యూట్యూబ్‌లో తిరుగుతున్నాయి. వాటిని చూసి 'తొలిసారి రంగుల్లో' అని రాస్తే తప్పు. అప్పట్లోనే నలుపు తెలుపు కాపీలతోపాటు రంగు కాపీలూ అమ్మారు.

మెలియెస్ సినిమాలకు రంగులు వేసింది పారిస్‌లోని ఎలిసబెత్ తుయ్యే వర్క్‌షాపు. అందులో రెండొందల మందికి పైగా స్త్రీలు పనిచేసేవారు. ఒక్కొక్కరిది ఒకే రంగు. ఎరుపు వేసే ఆమె ఎరుపు మాత్రమే వేసి రీలును మరొకరికి అందించాలి. అనిలిన్ అనే కృత్రిమ రంగులను నీళ్లలో, ఆపైన ఆల్కహాల్‌లో కరిగించేవారు. అవి పారదర్శకం కాబట్టి కింది బొమ్మ మరుగున పడదు. ఫ్రేము, అంటే రీలులోని ఒక్కో బొమ్మ, చూస్తే తపాలా బిళ్లంత. ఈ సినిమాకు అలాంటివి 13 వేల పైచిలుకు, అదీ ఒక్క కాపీకి. రెండో కాపీకి మళ్లీ మొదటి నుంచీ. కుంచె వెంట్రుకవాసి జరిగినా తెరమీద జానెడు జరిగినట్టే. అందుకే రంగు గీత దాటి వణుకుతుంటుంది. అది లోపం కాదు, చేతిపని ఆనవాలు.

ఏఐ బూడిద ఛాయనూ వస్తువు రూపునూ బట్టి అసలు రంగును ఊహిస్తుంది. చిక్కంతా అక్కడే. ఆనాటి ఫిల్ముమీద ఎరుపు నల్లగా పడేది, నీలం తెల్లగా పడేది. రంగు సెట్లు ఫిల్ముమీద చెడిపోతాయని మెలియెస్ వాటికి బూడిద ఛాయలే పూయించేవాడు. ఈ సంగతి 1907లో ఆయనే రాశాడు. అంటే స్టూడియోలో ఎన్నడూ లేని రంగును ఏఐ 'తిరిగి తెచ్చింది' అన్నమాట!

అసలు రంగులు చూడాలంటే 1993లో బార్సిలోనాలో బయటపడిన కాపీ ఉంది. గడ్డకట్టి అతుక్కుపోయిన ఆ రీలును మెల్లగా విడదీసి, బాగుచేసి, 2011 మేలో కాన్స్ చిత్రోత్సవంలో చూపారు. చెడిపోయిన ముక్కలను నలుపు తెలుపు కాపీ నుంచి తెచ్చి రంగు కలిపారు, ఆ సంగతి దాచలేదు. అందులో వ్యోమనౌక ప్రయోగవేళ ఊపే జెండాకు స్పెయిన్ రంగులున్నాయి. ఫ్రెంచి సినిమాలో స్పెయిన్ జెండా! ఆ కాపీ స్పెయిన్ ప్రదర్శకుడి కోసం తయారైందనడానికి అదే ఆధారం. బూడిద ఛాయలోంచి ఏ యంత్రం దీన్ని ఊహించగలదు?

మన 'మాయాబజార్' (1957)ను 2010లో రంగుల్లోకి మార్చినవారు అది కొత్తగా వేసిన రంగని చెప్పే విడుదల చేశారు. ఆపాటి నిజాయితీ చాలు. ఫిల్మ్ క్లబ్బులు పాత మూకీ వేసేముందు ఏ కాపీ, రంగు ఎవరు వేసింది, సెకనుకు ఎన్ని ఫ్రేముల వేగం అన్న మూడు ముక్కలు తెరమీద వేయాలి. మీ సినిమా పేజీలోనూ ఫొటో కింద 'ఏఐ రంగు' అని ఒక మాట అచ్చువేయండి.

— ఒక పాఠకుడు