లారీ సీట్లో కూర్చోబెట్టాకే కారు లైసెన్సు ఇవ్వండి

రహదారి రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను హెవీ వాహనాలు నడపడం నేర్పే శిక్షకుణ్ణి. కారు నేర్చుకోవాలని వచ్చేవాళ్లకూ నేర్పుతాను. రేపు ఒకే హైవే మీద తిరగబోయే ఈ రెండు రకాల డ్రైవర్లకూ చెప్పే పాఠాల్లో ఎంత తేడా ఉందో రోజూ చూస్తున్నాను కాబట్టే ఈ ఉత్తరం.

హెవీ లైసెన్సుకు వచ్చినవాడికి కార్ల గురించి నోరు నొప్పి పుట్టేదాకా చెబుతాం. కార్లవాళ్లు ఎటు నుంచి దూరతారు, ఎప్పుడు సడన్‌గా బ్రేకు కొడతారు, పక్క అద్దంలో కనపడుతూ కనపడుతూ ఎక్కడ మాయమైపోతారు, అన్నీ చెబుతాం. కారు లైసెన్సుకు వచ్చినవాడికి లారీ గురించి చెప్పేది దాదాపు ఏమీ ఉండదు. రోడ్డు గుర్తులు, క్లచ్చు, గేర్లు, రివర్సు, పార్కింగ్. టెస్టు పాసైతే కార్డు చేతికొస్తుంది. మర్నాడే హైవే ఎక్కుతాడు. పక్కన ముప్పై నలభై టన్నుల ట్రైలర్ పోతుంటే, అదీ తన కారులాంటిదే, కాకపోతే కాస్త పెద్దది అనుకుంటాడు. అలా అనుకోవడం దగ్గరే ప్రాణాలు పోతున్నాయి.

అందుకే నా విన్నపం. కారు లైసెన్సు ఇచ్చే ముందు ప్రతి ఒక్కరినీ ఒక్కసారైనా, ఆగి ఉన్న లారీ డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. అక్కడి నుంచి ఏం కనపడుతుందో, ఏం కనపడదో వాళ్ల కళ్లతో వాళ్లనే చూడనివ్వండి. దాన్ని టెస్టులో భాగం చేయండి. ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా చెబుతాను.

ముందు బ్రేకుల సంగతి. గంటకు 105 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు డ్రైవర్ ప్రమాదాన్ని చూసి, బ్రేకు తొక్కి, బండి పూర్తిగా ఆగేసరికి దాదాపు 95 మీటర్లు పోతుంది. అదే వేగంలో 36 టన్నుల లోడు ట్రైలర్‌కు దాదాపు 160 మీటర్లు కావాలి. అదీ రోడ్డు పొడిగా ఉండి, బ్రేకులూ టైర్లూ బాగున్నప్పుడు. పైగా పెద్ద బండ్లకు ఉండేవి ఎయిర్ బ్రేకులు. పెడల్ నొక్కిన క్షణంలోనే బ్రేకు పడదు. గొట్టాల గుండా గాలి చక్రాల దాకా చేరాలి, దానికి దాదాపు అర సెకను పడుతుంది. గంటకు 88 కిలోమీటర్ల వేగంలో ఈ ఆలస్యానికే దాదాపు 12 మీటర్ల రోడ్డు ఖర్చయిపోతుంది. డ్రైవర్ కాలు బ్రేకు మీద ఉంటుంది, బండి మాత్రం ఇంకా అదే వేగంతో పోతూ ఉంటుంది.

అనుభవం ఉన్న లారీ డ్రైవర్ అందుకే ముందు బండికి చాలా దూరం వదిలి నడుపుతాడు. కారులో వచ్చేవాళ్లకు అది ఉత్త ఖాళీ జాగాలా కనపడుతుంది. ఓవర్‌టేక్ చేసి, కట్ కొట్టి, అందులో దూరతారు. దూరిన మరుక్షణం ముందు బండి స్లో అయిందని బ్రేకు కొడతారు. లారీ ఆగడానికి కావలసిన దూరంలో సగం తామే మింగేశామని వాళ్లకు తెలియదు. లారీ డ్రైవర్ మళ్లీ వేగం తగ్గించి గ్యాప్ చేసుకుంటే ఇంకో కారు వచ్చి దూరుతుంది. ఈ టెన్షన్‌లోనే అతనికి రోజంతా గడుస్తుంది.

ట్యాంకర్ అయితే ఇంకో చిక్కు ఉంది. సగం నిండిన ట్యాంకర్ బ్రేకు వేస్తే లోపలి ద్రవం ముందుకు ఎగసి ట్యాంకు గోడను గుద్దుతుంది. బండి ఆగాక కూడా ఆ దెబ్బకు ముందుకు జరుగుతుంది. పాల ట్యాంకర్లలో ఇది మరీ ఎక్కువ. శుభ్రంగా కడగడానికి వీలుండాలని వాటి లోపల అడ్డుగోడలు పెట్టరు. సిగ్నల్ దగ్గర ట్యాంకర్ ముందుకు దూరిపోయి అడుగు దూరంలో కారు ఆపేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

ఇక కనపడని జాగాలు. లారీ క్యాబిన్ ఎత్తు చూసి, అంత పైన కూర్చున్నవాడికి అన్నీ కనపడతాయని అందరూ అనుకుంటారు. దూరంలో ఉన్నవి బాగానే కనపడతాయి. కనపడనివన్నీ దగ్గరలో ఉన్నవే. పెద్ద ట్రైలర్‌కు బంపర్ ముందు దాదాపు 6 మీటర్లు, వెనక దాదాపు 9 మీటర్లు, డ్రైవర్ తలుపు పక్కన ఒక లేను, క్లీనర్ సైడు ఏకంగా రెండు లేన్ల వెడల్పున డ్రైవర్ కంటికి అందని జాగాలు ఉంటాయి. కారులో ఉన్నట్టు లోపల వెనక అద్దం పెట్టినా ప్రయోజనం లేదు, అందులో కనపడేది తన లోడే.

మా యార్డులో కారు నేర్చుకునేవాళ్లతో నేను ఒక పని చేయిస్తాను. లారీ సీట్లో ఎక్కించి, అద్దాలు సరిచేసుకోమని, కాసేపు కళ్లు మూసుకోమంటాను. ఈలోపు క్లీనర్ సైడు ఒక కారు, ట్రైలర్ వెనకాల ఇంకో కారు పెట్టిస్తాను. బంపర్‌కు ఆనుకుని ఒక మనిషిని నిలబెడతాను. కళ్లు తెరిచి చుట్టూ ఏమేం ఉన్నాయో చెప్పమంటే, అటూ ఇటూ మెడ తిప్పి చూసి, "ఏం లేవు సార్" అంటారు. కిందికి దిగి చూసుకున్నాక ముఖాలు మారిపోతాయి, బంపర్ దగ్గర మనిషిని చూసినప్పుడు మరీను. ఒకమ్మాయి నమ్మలేక మళ్లీ ఎక్కింది. సీట్లోంచి లేచి, అద్దానికి ముఖం ఆనించి చూస్తే గానీ ఆ మనిషి తల కనపడలేదు. దిగి వచ్చి, "మరి నేను పక్క లేనులో పోతున్నప్పుడు నేను అక్కడున్నట్టు ఆయనకు ఎలా తెలుస్తుంది సార్?" అని అడిగింది. తెలియదమ్మా, అన్నాను. లారీ పక్క అద్దంలో డ్రైవర్ ముఖం నీకు కనపడకపోతే, అతని లెక్కలో నువ్వు అక్కడ లేనట్టే. ఈ ఒక్క ముక్క గంటసేపు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పినా తలకెక్కదు. ఆ సీట్లో కూర్చుంటే రెండు నిమిషాల్లో ఎక్కుతుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. లండన్ పోలీసులు 'ఎక్స్ఛేంజింగ్ ప్లేసెస్' పేరుతో సైకిల్ తొక్కేవాళ్లను లారీ సీట్లో కూర్చోబెట్టి ఇదే చూపించారు. ఆ నగరం అక్కడితో ఆగలేదు. 12 టన్నులు దాటిన లారీల్లో డ్రైవర్ సీటు నుంచి నేరుగా ఎంత కనపడుతుందో కొలిచి నక్షత్రాలు ఇస్తోంది. 2024 అక్టోబరు నుంచి మూడు నక్షత్రాలైనా లేని లారీ అదనపు భద్రతా పరికరాలు బిగించుకుంటేనే లోపలికి రానిస్తోంది. ఐరోపా యూనియన్‌లో 2024 జూలై నుంచి కొత్త లారీలన్నిటికీ పక్కన ఉన్న సైకిళ్లను పసిగట్టి హెచ్చరించే పరికరం తప్పనిసరి. ఇలాంటివి మీరూ తెస్తే ఎంతో సంతోషిస్తాం. కానీ రోడ్డు మీదున్న పాత లారీలన్నీ మారడానికి ఏళ్లు పడుతుంది. కారు నడిపేవాళ్లకు తెలియజెప్పడానికి అన్నేళ్లు అక్కర్లేదు.

లారీల వైపు తప్పులు లేవని నేను అనడం లేదు. టెయిల్ ల్యాంపు వెలగని ట్రైలర్లు, మట్టి పట్టి మెరుపు పోయిన రిఫ్లెక్టర్లు, సగం లేనులో ఆపేసి నిద్రపోయిన బండ్లు ఉన్నాయి. ఇంకో లారీని అతి కష్టం మీద ఓవర్‌టేక్ చేస్తూ కిలోమీటర్ల కొద్దీ రోడ్డంతా ఆక్రమించేవాళ్లూ ఉన్నారు. వీటికి ఏ సాకూ చెల్లదు, నా దగ్గర నేర్చుకునేవాళ్లకూ అదే చెబుతాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. హెడ్‌లైట్లు డిమ్‌లో ఉన్నప్పుడు చీకట్లో లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ కనపడేసరికి ఆ కారువాడి చేతిలో ఉండేది ఒకటి రెండు సెకన్లే.

ఆ గుద్దుడు రెండు కార్లు గుద్దుకున్నట్టు ఉండదు. కారు ముందు భాగాన్ని, అది నలిగి దెబ్బను తనలో కలుపుకునేలా తయారు చేస్తారు. సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు కాపాడేది కూడా ఆ నలుగుడు సరిగ్గా జరిగినప్పుడే. ట్రైలర్ బాడీ బానెట్ కంటే ఎత్తులో ఉంటుంది. దాంతో బానెట్ కిందికి దూరిపోతుంది, ట్రైలర్ అంచు నేరుగా ముందు అద్దం మీదికి, తలల మీదికి వస్తుంది. 1967లో హాలీవుడ్ నటి జేన్ మాన్స్‌ఫీల్డ్ ప్రయాణిస్తున్న కారు ఇలాగే ట్రైలర్ కిందికి దూసుకుపోయి ఆమె చనిపోయారు. ట్రైలర్ వెనక కిందుగా కట్టే అడ్డ కడ్డీని అమెరికాలో ఇప్పటికీ మాన్స్‌ఫీల్డ్ బార్ అంటారు. అయినా అక్కడ ఆ కడ్డీకి గట్టి ప్రమాణాలు అమల్లోకి రావడానికి 1998 దాకా పట్టింది. నేను చూసిన కొన్ని బండ్లకు ఆ కడ్డీ పేరుకే ఉంటుంది, చేత్తో పట్టుకుని ఊపితే ఊగుతుంది. ఫిట్‌నెస్ తనిఖీలో "కడ్డీ ఉంది" అని టిక్కు పెట్టి వదిలేయొద్దని మీ అధికారులకు చెప్పండి. నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఛాసిస్‌కు ఎలా బిగించారు, వెల్డింగ్ తుప్పు పట్టిందా, ఇవి చూడాలి. ఐదు నిమిషాల పని.

రోడ్డు పక్కన బండి ఆపినవాణ్ణి తిట్టే ముందు ఒక ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. అతను ఎక్కడ ఆపాలి? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లోనే 153వ ఒప్పందంలో రాసింది: ఆపకుండా 4 గంటలకు మించి నడపకూడదు, రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదు. ఐరోపా యూనియన్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు విరామం తీసుకోవాల్సిందే, బండిలోని టాకోగ్రాఫ్ దాన్ని నమోదు చేస్తుంది. రూలు మంచిదే, కానీ విరామం తీసుకోవడానికి చోటుండాలి. అమెరికాలో 2009లో జేసన్ రివెన్‌బర్గ్ అనే లారీ డ్రైవర్ సరుకు దించాల్సిన ఊరికి ముందే చేరాడు. బండి పెట్టుకోవడానికి వేరే చోటు లేక మూతపడ్డ పెట్రోలు బంకులో ఆపి విశ్రాంతి తీసుకుంటుంటే దోచుకోవడానికి వచ్చినవాడు కాల్చి చంపాడు. దొరికింది 7 డాలర్లు. అతని భార్య పట్టు వదలకుండా పోరాడితే 2012లో లారీల పార్కింగ్ కోసం 'జేసన్స్ లా' వచ్చింది. వెలుతురు, కాపలా, స్నానానికి నీళ్లు, మరుగుదొడ్డి ఉన్న పార్కింగ్ హైవే పొడవునా ఉంటే, సగం లేనులో ఆపేవాళ్లు చాలామంది వాళ్లంతట వాళ్లే అక్కడికి పోతారు. అప్పుడు మిగిలినవాళ్లకు జరిమానా వేసినా న్యాయంగా ఉంటుంది.

నిద్ర లేకపోవడానికి ఇంకో కారణం కూడా మీ దృష్టికి తేవాలి, ఎందుకంటే దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. లోడింగ్ దగ్గర, అన్‌లోడింగ్ దగ్గర డ్రైవర్లు గంటల తరబడి పడిగాపులు పడతారు. ట్రిప్పు లెక్కన డబ్బులిచ్చేచోట ఆ గంటలకు పైసా రాదు. అక్కడ పోయిన టైమును రోడ్డు మీద వేగంతోనో, నిద్ర మానేసో పూడ్చుకుంటారు. ఆ అలసట ఖరీదు పక్కన పోయే కారులోని కుటుంబం కూడా చెల్లిస్తుంది. గేటు బయట బండిని రోజంతా నిలబెట్టిన గోదాముకు మాత్రం ఏ బాధ్యతా ఉండదు. సరుకు పంపేవాళ్లనూ దించుకునేవాళ్లనూ కూడా లెక్కలోకి తీసుకోండి. ఇంత సమయం దాటితే వెయిటింగ్ చార్జి డ్రైవర్‌కే చేరాలని రూలు పెట్టండి.

మళ్లీ లైసెన్సు పాఠం దగ్గరికి వస్తాను, ఎందుకంటే వీటన్నిటిలోకీ తక్కువ ఖర్చుతో అయ్యేది అదే. కాలం చెల్లిన లారీ క్యాబిన్ ఒక్కటి టెస్టు కేంద్రంలో పెడితే చాలు. ఇంజిను పనిచేయక్కర్లేదు, అద్దాలు సరిగ్గా ఉంటే సరిపోతుంది. సీటులోంచి చూపించాక నాలుగు మాటలు చెప్పాలి. మలుపులో ట్రైలర్ వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. డ్రైవర్ బండిని ముందు అవతలికి తిప్పేది అందుకే, ఆ లోపలి సందులోకి కారు పెట్టకూడదు. దిగుడు రోడ్డు మీద లారీ చిన్న గేరులో నెమ్మదిగా పోతుంటే వెనక హారన్ కొట్టకూడదు. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేయకుండా అతను ఇంజినుతో బండిని ఆపుకుంటున్నాడు. అలాంటి రోడ్ల పక్కన ఇసుక, కంకర పోసి కట్టే ఎస్కేప్ ర్యాంపు బ్రేకులు పోయిన బండికి చివరి దారి, ఫొటోలు దిగడానికి కారు అక్కడ ఆపకూడదు. ఓవర్‌టేక్ చేస్తే పక్కనే నాన్చుతూ పోకుండా చకచకా దాటేయాలి. దాటాక లారీ రెండు హెడ్‌లైట్లూ లోపలి అద్దంలో పూర్తిగా కనపడ్డాకే లేను మారాలి. పరీక్షలో వీటి మీద ప్రశ్నలు తప్పనిసరిగా ఉండాలి, జవాబు తప్పితే మళ్లీ రమ్మనాలి.

ఇప్పటికే లైసెన్సు ఉన్నవాళ్ల మాటేమిటని మీ అధికారులు అడుగుతారు. రెన్యువల్‌కు వచ్చినప్పుడు వాళ్లనూ అదే సీట్లో కూర్చోబెట్టండి. అన్నిచోట్లా ఒకేసారి కుదరకపోతే ముందు రద్దీ ఎక్కువున్న హైవేలకు దగ్గరలోని కొన్ని కేంద్రాల్లో మొదలుపెట్టండి. పాఠం తయారు చేసే కమిటీలో రిటైరైన ఇంజనీర్లతో పాటు ఇప్పుడు రోడ్డు మీద బండి నడుపుతున్న లారీ డ్రైవర్లకూ చోటివ్వండి, కమిటీకి వచ్చిన రోజు కూలి వాళ్లకు కట్టివ్వండి. మీ కేంద్రాల సిబ్బందికి ఇది ఎలా చూపించాలో నేర్పడానికి నాలాంటి హెవీ శిక్షకులం ఎప్పుడు పిలిచినా వస్తాం.

ఇట్లు,
హెవీ వాహనాల డ్రైవింగ్ శిక్షకుడు