మిక్సీ మీద నింద వేయకు

మిత్రమా,

మిక్సీ వేస్తే మీ ఇంట్లో ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) పడిపోతోందన్నావుగా, నిన్న ఫోనులో సగంలో ఆగిన ఆ సంగతి తీరిగ్గా రాస్తున్నాను. ‘ఈఎల్‌సీబీ తీసేసి డైరెక్టు ఇచ్చేస్తే గొడవ వదులుతుంది’ అని మీ ఎలక్ట్రీషియన్ అన్నాడన్నావే, దానికి మాత్రం ఒప్పుకోకు. అది పడిపోవడం ఆగుతుంది, లీకేజీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇంట్లో పిల్లలు తడి కాళ్లతో తిరుగుతూ ఉంటారు.

ఈఎల్‌సీబీ చేసేదల్లా ఒక లెక్క చూడటమే. ఫేజు వైరులో వెళ్లినంత కరెంటూ న్యూట్రల్ వైరులో తిరిగి రావాలి. తగ్గిందంటే ఆ తేడా ఎర్తులోకో, ఎవరి ఒంట్లోంచో పోతున్నట్టు. మన ఇళ్లలో పెట్టేది 30 మిల్లీయాంపియర్ల తేడా వస్తే పడి తీరాలి, 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు కూడా అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది. ఓవర్‌లోడుతో దీనికి పని లేదు, అది ఎంసీబీలు (ఒక్కో లైనుకూ ఉండే చిన్న స్విచ్‌లు) చూసుకుంటాయి. అందుకే ‘లోడు ఎక్కువై పడుతోంది’ అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక మీ మిక్సీ. మీ ఇంట్లో వేస్తే పడుతోంది, పక్కింట్లో నిక్షేపంగా తిరిగింది అన్నావు. మా గ్రైండర్ కథా అచ్చం ఇదే. షాపులో విప్పి చూసి ఏ లోపమూ లేదని పంపేశారు. చివరికి దొంగ దొరికింది గేటు స్తంభం మీది లైటులో! ఇనుప డబ్బా మూత తీస్తే లోపల చీమలు మట్టి చేర్చి పెట్టాయి. న్యూట్రల్ వైరు తొడుగు ఒకచోట ఊడి, చిలుము పట్టిన రాగి పోగులు డబ్బా అంచుకు ఆనుకుని ఉన్నాయి. డబ్బాకు ఎర్తు ఉంది. లైటు ఆర్పేసే ఉందిగా అంటావు. మన స్విచ్ తెంపేది ఫేజును మాత్రమే, న్యూట్రల్ ఎప్పుడూ కలిసే ఉంటుంది. గ్రైండర్ తిరిగినప్పుడల్లా దాని కరెంటులో కొంత వాటా తిరుగుదారి మార్చి, ఆ స్తంభం దగ్గర ఎర్తులోకి జారుకునేది. ఫ్యాను వేస్తే ఆ వాటా చిన్నది, పడేది కాదు. గ్రైండర్ వేస్తే చాలు, టప్పున పడేది.

అందుకని ముందు అన్ని ప్లగ్గులూ పీకెయ్యి. స్విచ్ ఆపితే చాలదు, ఎందుకో పైనే చెప్పాను. ఎంసీబీలన్నీ దించి ఈఎల్‌సీబీ ఎత్తు. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ రా, తర్వాత ప్లగ్గులు ఒక్కొక్కటే పెట్టు. గీజరు ప్లగ్గు పెట్టగానే పడితే కాయిల్ పోయిందనుకో. ఉప్పునీళ్ల ఊళ్లలో అది మామూలే. పక్కింట్లో బాగా తిరిగిన మిక్సీ వేస్తేనే పడుతున్నా, ఎంసీబీలన్నీ దించినా పడుతూనే ఉన్నా న్యూట్రల్‌ని అనుమానించాలి, ఎందుకంటే ఒంటి పోలు ఎంసీబీ కూడా ఫేజునే తెంపుతుంది, న్యూట్రల్‌ని తెంపదు. ఇక్కడి నుంచి నువ్వు చెయ్యి పెట్టకు. మీటరు నుంచి వచ్చే వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. మెయిన్ ఆపించి, డీబీలో (ఎంసీబీలుండే పెట్టె) న్యూట్రల్ వైర్లు ఒక్కొక్కటే విప్పి, మెగ్గర్‌తో (వైరు తొడుగులో లీకేజీ ఉందేమో చూసే మీటరు) 500 వోల్టుల మీద ఎర్తుకు కొలవమను. కంప్యూటర్, టీవీ, ఎల్ఈడీ లైట్లు ముందే విడదీయాలి, లేకపోతే అవి పాడవుతాయి. మెగ్గర్ లేదన్నవాడిని కాఫీ ఇచ్చి పంపించెయ్యి.

అన్నట్టు, ఇన్వర్టర్ పెట్టించాకే మొదలైందా ఇది? ఇన్వర్టర్ ఫేజు, న్యూట్రల్‌లలో ఒకటి ఈఎల్‌సీబీ గుండా, ఇంకోటి దాన్ని తప్పించి కలిపేసి వెళ్లే మహానుభావులు చాలామందే ఉన్నారు. అలాగైతే ఏ వస్తువులోనూ లోపం ఉండదు, లెక్క మాత్రం తప్పుతుంది.

ఈఎల్‌సీబీ మీది టెస్టు బటన్ నెలకోసారి నొక్కు. అది పడితే ఈఎల్‌సీబీ పనిచేస్తున్నట్టే గానీ, ఇంట్లో ఎర్తు బాగుందని కాదు. ఎర్తు విడిగా చూపించుకో.

ఆదివారం ఫోను చెయ్యి, ఏ న్యూట్రల్ విప్పితే నిలబడిందో చెప్పు. నా పందెం మేడ మీది లైటు మీద.

నీ మిత్రుడు