చార్మినార్ దారి బోర్డులు ఎవరి కోసం?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు డెబ్బై దాటాయి. నీటికాసులతో చూపు సగం పోయింది, మోకాళ్లూ సహకరించవు. పోయిన ఆదివారం చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని మదీనా చౌరస్తా దగ్గర్నుంచి చార్మినార్‌కు బయల్దేరాను. పత్తర్‌గట్టి, మచ్లీ కమాన్ దాటి గుల్జార్ హౌజ్ దగ్గర ఆగాం. అక్కడో దారి బోర్డు. తళతళలాడే స్టీలు రేకు మీద బూడిదరంగు అక్షరాలు. ఎండ పడి నాకే కళ్లు చెదిరాయి. తెలుగు అన్నిటికంటే కింద, బియ్యపు గింజంత. "అద్దం పెట్టిన్రా బిడ్డా?" అంది అమ్మ.

చౌమహల్లా ప్యాలెస్ వైపు బాణం ఉంది. ఎన్ని మీటర్లో లేదు, దారిలో మెట్లున్నాయో లేవో అసలే లేదు. చివరికి గాజుల దుకాణం అబ్బాయి చెప్పిన గుర్తులే దిక్కయ్యాయి.

1591 నాటి కట్టడానికి లిఫ్టు పెట్టమని నేను అడగను. పైకెక్కలేని వాళ్లకు, చూపులేని వాళ్లకు కిందే చేత్తో తడిమి చూసుకునే నమూనా ఒకటి పెట్టొచ్చు కదా! బోర్డులకు మెరుపులేని ముదురు రంగు వేసి, లేత రంగు అక్షరాలు రాయండి. తెలుగు, ఉర్దూ ఒకే సైజులో ఉండాలి. కుర్చీలోని మనిషికి అందే ఎత్తులో బ్రెయిలీ కూడా ఉండాలి. బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతోంది.

కొత్త బోర్డు ఖాయం చేసేముందు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి చదివించి చూడండి. అమ్మను నేను తీసుకొస్తాను.

— ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్