ఎసాప్ ఖర్చు తీసేస్తే లాభమా?

సంపాదకులకు,

గుంటూరులో ఆడిట్ ఆఫీసులో పద్దులు రాసి రిటైరైనవాణ్ణి. నా దగ్గర షేర్లున్న ఒక లిస్టెడ్ టెక్ కంపెనీ ఈ త్రైమాసికం ‘అడ్జస్టెడ్ ఎబిటా’ (వడ్డీ, పన్ను, తరుగుదల వగైరాతో పాటు కంపెనీ ఎంచుకున్న మరికొన్ని ఖర్చులూ తీయకముందు లెక్క) లాభమని పెద్ద అక్షరాలతో ప్రకటించింది. ఏం అడ్జస్ట్ చేశారా అని కింది నోట్ చదివితే, ఉద్యోగుల స్టాక్ ఆప్షన్ల (ఎసాప్ – ముందే ఖరారైన ధరకు తర్వాత కంపెనీ షేర్లు తీసుకునే హక్కు) ఖర్చునే తీసి పక్కన పెట్టారు. అది కలిపితే నష్టమే!

ఇండ్ ఏఎస్ 102 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం ఆప్షన్ ఇచ్చిన రోజున దాని ఫెయిర్ వాల్యూ (సరసమైన విలువ) కట్టి, వెస్టింగ్ కాలం (ఆ హక్కు ఉద్యోగి చేతికొచ్చేదాకా పట్టే కాలం) పొడవునా ఖర్చు రాయాలి. వెయ్యి ఆప్షన్లు, ఒక్కోదాని ఫెయిర్ వాల్యూ రూ.200, అన్నీ నాలుగేళ్ల చివర చేతికొస్తాయనుకోండి. ఏటా రూ.50 వేలు ఉద్యోగుల ఖర్చులో పడుతుంది, అంతే మొత్తం ఈక్విటీలో ఆప్షన్ల ఖాతాకు జమవుతుంది. నగదు కదల్లేదుగా అంటారు. కదలకపోతేనేం, రేపు కొత్త షేర్లొచ్చి పలచబడేది మా వాటాయే. ఆప్షన్లు లేకపోతే ఆ ఇంజినీర్లకు జీతం పెంచి ఇవ్వాల్సిందేగా!

ఆప్షన్లు వద్దనడం లేదు. మా అమ్మాయికీ వచ్చాయి. మీ బిజినెస్ పేజీలో మాత్రం ప్రెస్‌నోట్ అంకె బదులు నికర లాభనష్టం, డైల్యూటెడ్ ఈపీఎస్ (ఆప్షన్ల వల్ల రాబోయే షేర్లనూ లెక్కలో కలిపి ఒక్కో షేరుకు వచ్చే లాభం) వేయండి.

– ఒక చిన్న వాటాదారు, గుంటూరు