అండమాన్ పోతున్న బిడ్డకు

మహబూబ్‌నగర్,
ఆదివారం

బిడ్డా,

పిల్లలను తీసుకొని అండమాన్ పోదామనుకుంటున్నం, ఏమేం చూడాలెనో రాసి పంపు నాయినా అని అడిగినవ్. ఫోన్ల చెప్తే సగం నీకు వినబడదు, సగం నేను మరుస్త. అందుకే కాయితం మీద పెడుతున్న. మొన్న మీ అన్నావదినెలు మమ్ములను తోలుకపోయినప్పుడు నేను చూసినయి, అక్కడోళ్ళు చెప్పినయి కలిపి రాస్త. చూడాల్సిన జాగల పట్టీ మాత్రం ఇందుల దొరకదు. ఆరేండ్ల పిల్ల, రెండున్నరేండ్ల పిల్లగాడు వెంట ఉన్నప్పుడు ఏం చూడాలె అనేదానికంటె ఎప్పుడు చూడాలె అనేది ముఖ్యం. టైము కుదిరితే ఒక్క ఒడ్డు చాలు. కుదరకపోతే పది చూసినా పిల్లల ఏడుపే యాదికుంటది.

ముందుగాల నెల సంగతి. దసరా సెలవులకు పోతమంటున్నవట, వద్దు. అక్టోబర్ల అక్కడ ఇంకా వానలే. నైరుతి పూర్తిగ పోకముందే ఈశాన్యం దిగుతది, బంగాళాఖాతంల వాయుగుండాలు పుట్టే కాలం కూడా అదే. సముద్రం లేసిందంటే పడవలు బంద్ పెడతరు, నడుమ దీవిల చిక్కుకుంటే విమానం తప్పిపోతది. బతుకమ్మ ఇడిసిపెట్టి పోతదా అని మీ అమ్మ ఇప్పటికే అడిగింది, ఆమెకు జవాబు నువ్వే చెప్పుకో. సంక్రాంతి దాటినంక పెట్టుకోండ్రి. పెద్దది ఒకటో తరగతి, నాలుగు దినాలు బడి పోతే మునిగేదేం లేదు. ఇన్నేండ్లు హాజరు పిలిచిన సారునే చెప్తున్న. ఏ నెలల పోయినా చివరి రాత్రి మాత్రం విమానం ఎక్కే ఊర్లనే ఉండేటట్టు చూసుకో.

ఆ ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024ల శ్రీ విజయ పురం అని పేరు మార్చిన్రు. అంతకు ముందే 2018ల హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్, నీల్‌ను షహీద్ ద్వీప్ చేసిన్రు, రాస్‌కు నేతాజీ పేరు పెట్టిన్రు. కాయితాల మీద కొత్త పేర్లు, ఆటోవాళ్ళ నోట్ల పాతయి. రెండూ యాది పెట్టుకో, లేకుంటే పడవ కాడ ఆగమైతవ్.

ఇగ టైము. మన గడియారమే అక్కడా నడుస్తది గని, పొద్దు మనకన్న దాదాపు గంట ముందు పొడుస్తది. మనం 78 డిగ్రీల రేఖాంశం దగ్గర ఉన్నం, అది 92 దాటి ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాలు, లెక్క నువ్వే కట్టుకో. జనవరిల పావు తక్కువ ఆరుకే వెలుగు కొడతది, సాయంత్రం అయిదున్నర లోపలనే గూకుతది. పిల్లలకు గడియారం తెల్వదు, వెలుతురే తెలుసు. మీ అన్న పిల్లలు అది కండ్ల మీద పడంగనే లేసి కూసున్నరు. మీ అన్న మొదటి దినం గదిరించి పండబెట్టజూసిండు, వాళ్ళు పండలే, ఆయన కూడా పండలే. తెల్లారి నుంచి మేమే వాళ్ళతోటి లేసినం. ఆరుకల్లా ఒడ్డు మీద, ఎండ ముదరకముందే తొమ్మిదికి నీడకు, బువ్వ తిని మధ్యాహ్నం అందరం పండుడు, మూడున్నరకు మల్లా నీళ్ళకు, ఏడుకు తిండి, ఎనిమిదికి దీపం బంద్. మీ అమ్మ అయితే చిన్నప్పుడు ఊర్ల ఇట్లనే ఉండేది కదా అని మస్తు సంబురపడ్డది.

సముద్రానికి ఇంకో లెక్క ఉన్నది. దినానికి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఇయ్యాల వచ్చిన టైముకు రేపు రాదు, యాభై నిమిషాలంత ఆలస్యమైతది. అమాస, పున్నం దగ్గరికొస్తే నీళ్ళు ఎక్కువ ఎక్కుతయి, ఎక్కువ దిగుతయి. హోటల్‌ల అడిగితే ఏ దినం ఎన్నింటికో చెప్తరు. ముందు అది అడిగి, తర్వాత ఏ ఒడ్డో అనుకో. నీల్‌ల ఒడ్లకు అన్నీ రామాయణం పేర్లే, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. నీళ్ళు దిగినప్పుడు భరత్‌పూర్‌ల ఈత కుదరదు, అడుగున పగడపు రాళ్ళు కాళ్ళు కోస్తయి. అదే టైముకు లక్ష్మణ్‌పూర్ దిక్కు రాతి వంతెన కాడికి పోవాలె. రాళ్ళ నడుమ గుంతలల్ల నీళ్ళు నిలిచి చిన్న చేపలు, ఎండ్రికాయలు కనబడతయి. చిన్నోన్ని ఎత్తుకొనే నడవాలె, నాచు జారుతది. ఇద్దరికీ మడిమె వెనుక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు కొను.

హావ్‌లాక్‌ల రాధానగర్ ఒడ్డంటే అందరూ పొద్దుగూకుడే చెప్తరు. మేం పోయిన్నాడు కూడా అందరి ఫోన్లు ఆకాశం దిక్కే. నీ మేనల్లుడు మాత్రం ఇసుకల గుంత తవ్వి, సీసాతోటి నీళ్ళు తెచ్చి పోస్తున్నడు. పోసినయి పోసినట్టే ఇంకిపోతున్నయి. "తాతా, నీళ్ళెందుకు ఆగుతలేవు?" అన్నడు. అడిగింది ఎవరిని? చెరువు కట్ట మీద పెరిగినోన్ని. తడి ఇసుక తెచ్చి కట్ట పోసి, కాలుతోటి గట్టిగ తొక్కిపిచ్చిన. ఒక మూలకు అలుగు, నడుమ కొబ్బరాకు అడ్డం పెట్టి తూము, కింద ఇంకో కుంట, దాని కింద ఇంకోటి. పైది నిండితే అలుగు దుంకి కిందికి రావాలెనని చెప్పిన. కోల్‌కతా నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలు గూడ చేరిన్రు. వాళ్ళకు తెలుగు రాదు, మావోనికి బెంగాలీ రాదు. నేను "అలుగు" అంటే వాళ్ళూ "అలుగు" అని ఒర్రుడే. నీళ్ళు మోసేటోళ్ళు మోస్తున్నరు, కట్ట తెగితే పూడ్చేటోళ్ళు పూడుస్తున్నరు. వాళ్ళ నాయిన ఫోను జేబుల పెట్టి వచ్చి మట్టి పనికి దిగిండు. పోటు ఎక్కే టైము, ఒక్క అల వచ్చి మూడు చెరువులూ ఊడ్చుకపోయింది. ఏడుస్తడనుకున్న. "మల్లా కడదాం, ఈసారి వెనుకకు" అన్నడు.

తెల్లారి ఎలిఫెంట్ బీచ్‌కు పడవ మాట్లాడి పెట్టిండు మీ అన్న. పిల్లగాడు రానంటే రానన్నడు. మీ వదినె తెలివిగలది, పడవ వద్దు, మల్లా అదే ఒడ్డుకు పోదామన్నది. మీ అన్న టైపు చేసుకొచ్చిన కార్యక్రమం ఆడికి ఖతం. ఇగ ఎవ్వరం దాని ఊసెత్తలే, ఆయనే అందరికంటె ఎక్కువ నీళ్ళు మోసిండు.

నీళ్ళల్ల దిగుడు మాత్రం రక్షకులున్న జాగలనే. వాగులు సముద్రంల కలిసే కాడ, మడ అడవుల పొంటి ఉప్పునీటి మొసళ్ళుంటయి. బోర్డు కనబడితే పాదం గూడ పెట్టనియ్యకు. నీడ సల్లగ ఉన్నదని కొబ్బరిచెట్టు కింద పిల్లలను పండబెట్టకు, కాయ రాలితే చెప్పి రాలదు. నీళ్ళల్లకెల్లి రాంగనే మంచినీళ్ళతోటి కడిగి కొబ్బరినూనె రాయి, లేకుంటే చిన్నోనికి తొడలు ఒరుసుకపోతయి. పొద్దుగూకేటాళ్ళకు ఇసుక ఈగలు కుడతయి, దానికీ నూనె పనికొస్తది.

పగడం ముక్కలు, గవ్వలు జేబులల్ల ఏసుకోనియ్యకు. పగడాలకు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నది, విమానాశ్రయంల సంచులు చూసి తీసుకుంటరు. పిల్లగానికి చట్టం ఏమర్థమైతది? ఖాళీ శంఖంల ఒక తీరు ఎండ్రికాయ కాపురం పెడతది, అది పెద్దగైతే ఇంకో పెద్ద శంఖానికి మారుతది, నువ్వు పట్టుకపోతే దానికి ఇల్లుండదు అని చెప్పిన. జేబు తిప్పి గుమ్మరిచ్చిండు. ఒకటి టోపీల దాచిండని తర్వాత తెలిసింది, అది వేరే ముచ్చట.

రాస్ దీవికి పోండ్రి. కొంచెంసేపు పడవ, మీదికెక్కనీకి బ్యాటరీ బండ్లుంటయి, జింకలు దగ్గరికొస్తయి. ఇంగ్లీషోళ్ళ కాలం నాటి కూలిన గోడలను చెట్ల ఊడలు చుట్టుకొని పట్టుకున్నయి. అది చూసి మావోడు, "పిల్లలమర్రి ఈడికెట్ల వచ్చింది?" అన్నడు.

సెల్యులర్ జైలుకు పొద్దున పోండ్రి. రాత్రి లైట్ షో మీకు బాగుంటది గని, చిన్నోళ్ళు నిద్రన్న పోతరు, భయమన్న పడతరు. 1906ల పూర్తయిన కట్టడం, ఏడు రెక్కలల్ల మూడే మిగిలినయి. నేను అక్కడ జర ఎక్కువసేపే నిలబడ్డ. 1857ల తుర్రెబాజ్ ఖాన్‌తోటి కలిసి హైదరాబాద్‌ల ఇంగ్లీషోళ్ళ కోఠి రెసిడెన్సీ మీదికి పోయిన మౌల్వీ అలావుద్దీన్‌ను ఈ దీవులకే పంపిన్రు, ఈడనే పానం ఇడిసిండు. అప్పటికి ఈ జైలు లేదు, దీవే జైలు. ఈ ముచ్చట పిల్లగానికి చెప్తే, "ఈత కొట్టుకుంట ఇంటికి పోవచ్చు కదా?" అన్నడు. చెన్నై దాక వెయ్యి కిలోమీటర్ల పైన సముద్రమే అన్న. "ఆగి ఆగి పోవాలె" అన్నడు.

బారాటాంగ్ దీవికి తోలుకపోతమని ఏజెంట్లు ఎంటబడతరు. తెల్లారకముందు లేసి, బండ్ల వరుసల నిలబడి, అడవిల పొద్దంత ప్రయాణం. చిన్నపిల్లలతోటి వద్దే వద్దు. పైగా ఆ తొవ్వ జారవా ఆదివాసుల అడవి నడుమకెల్లి పోతది. ఫోటోలు తియ్యొద్దని, బండి ఆపొద్దని సర్కారు నియమం పెట్టినా, కొందరు పోయేదే వాళ్ళను చూడనీకి. మనుషులను చూడనీకి టికెట్టు కొనుడేంది బిడ్డా?

పడవ ఎక్కేముందు పిల్లలకు ఇడ్లీ, అరటిపండు తప్ప నూనె తిండి పెట్టకు. నడుమ వరుసల, కింది అంతస్తుల సీటు అడుగు, ఊగుడు తక్కువ. వాంతుల మందు డాక్టర్‌ను అడిగి, పిల్లల బరువు చెప్పి రాయించుకో. జ్వరం సిరప్, ఓఆర్ఎస్ ఈడికెల్లే పట్టుకపో. చిన్న దీవులల్ల పెద్ద దవఖాన లేదు, ఏటీఎంల భరోసా లేదు, నగదు పెట్టుకో. తిండికి బాధ లేదు. శ్రీకాకుళం దిక్కు నుంచి పోయి స్థిరపడ్డ తెలుగోళ్ళు మస్తుగున్నరు, మమ్ములను తిప్పిన ఆటో ఆయన గూడ వాళ్ళల్లోడే. మీ అమ్మ ఆయనను అడిగిన మొదటి మాట, మీకు మంచినీళ్ళు ఏడికెల్లి వస్తయి అని. పాలమూరు ఆడమనిషి ఏడికి పోయినా అదే అడుగుతది. ధానిఖారి డ్యాం నుంచి అని చెప్పిండు. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే జాగ, అయినా ఎండకాలంల నీళ్ళు వంతులేసి ఇడుస్తరట. గదిల నల్లా ఉత్తగ ఇడిసిపెట్టకుండ్రి.

మీ అమ్మ కడక్ జొన్నరొట్టెలు, పల్లీల పొడి, మలీద లడ్డూలు చేసి ఇస్తనంటుంది. టికెట్లు ఖాయమైతే తారీఖు చెప్పు. వనపర్తి నుంచి శంషాబాద్ పోయేటప్పుడు జడ్చర్ల చౌరస్తా కాడ ఆగుండ్రి, నేను డబ్బా పట్టుకొని అక్కడికే వస్త. పెద్దదాని కాలి కొలత ఎంతనో రాయి, మేనల్లుని చెప్పులు ఇంక కొత్తగనే ఉన్నయి, సరిపోతే అవి గూడ తెస్త. చిన్నోనికి రెండేండ్లు దాటినయి కాబట్టి వానికీ సీటు కొనాలె, ఒళ్ళె కూసోబెట్టుకుంటనంటే విమానంల ఒప్పుకోరు.

అల్లుడు గారిని అడిగిన్నని చెప్పు.

మీ నాయిన