లెక్క మొదలుపెట్టే ముందు

రమణా,

బడుల లెక్క తీస్తానన్న నీ ఉత్తరం చదివినప్పటి నుంచి భలే సంబరంగా ఉందిరా. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పిల్లల ఇష్టాన్ని బట్టి నడిచే బడులు ఎన్ని ఉన్నాయో, ఏటేటా పెరుగుతున్నాయో లేదో రాసిపెట్టే మనిషి ఒకడు కావాల్సిందే.

జిల్లావారీగా మాత్రం రాయొద్దు. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా ముక్కలైంది కదా. మదనపల్లె అన్నమయ్యలోకి పోయింది, నెల్లూరు మండలాలు కొన్ని తిరుపతిలోకి వచ్చాయి. జిల్లా అంకెలు పక్కపక్కన పెడితే చిత్తూరులో బడులు మూతపడ్డట్టు, తిరుపతిలో కొత్తవి పుట్టినట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక్కటీ కదిలుండదు. మండలం పేరు రాసుకో.

బోర్డు చూసి లెక్కలో వేసుకోకు. మాంటిస్సోరి అని ఎవరైనా రాసుకుంటారు. లోపలికి పోయి ఒక మూల గంటసేపు నోరు మెదపకుండా కూర్చో. మాంటిస్సోరి బడుల్లో పిల్లలు పేర్చే గులాబీ రంగు గోపురం ఉంటుంది చూడు, సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది చెక్క ఘనాలు. అది మూడేళ్ల పిల్ల చేతికందే అరలో ఉందా, తాళం వేసిన బీరువాలో ఉందా? ఏళ్ల తరబడి పిల్లలు ఆడిన ఘనాలకు అంచుల దగ్గర రంగు లేచిపోయి ఉంటుంది. పాత బడిలో అవి కొత్తవాటిలా నిగనిగలాడుతుంటే, ఎవరైనా వచ్చినప్పుడు చూపడానికి పెట్టినవే.

ఇక ఫారంలో మూడు ప్రశ్నలు వేరువేరుగా ఉండాలి: వేగం ఎవరి చేతిలో ఉంది, ఏం నేర్చుకోవాలో ఎవరు చెబుతారు, కట్టుబాట్లు ఎవరు పెడతారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడి చుట్టుపక్కల పల్లె బడుల్లో గోడకు నిచ్చెన పటం ఉంటుంది. పిల్లవాడు తన మెట్టు చూసుకుని, అక్కడున్న బొమ్మ గుర్తు కార్డు తనే తెచ్చుకుంటాడు. వేగం వాడిదే, దారి మాత్రం ముందే వేసి ఉంటుంది. 1921లో జర్మనీలో మొదలై, తర్వాత ఇంగ్లండుకు మారిన బడి సమ్మర్‌హిల్‌లో పాఠానికి రావడమే పిల్లల ఇష్టం. అమెరికాలో 1968 నాటి సడ్బరీ వ్యాలీ బడిలో కట్టుబాట్ల మీద పిల్లవాడికీ పెద్దవాళ్లకీ తలా ఒక ఓటు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే నీ లెక్క దేనికీ పనికిరాదు.

బడుల సంఖ్య పెరగకుండానే పద్ధతి పెరగొచ్చు, అది కూడా పట్టుకోవాలి. రిషి వ్యాలీ కార్డుల పద్ధతే 2003లో చెన్నై కార్పొరేషన్ బడులకు చేరి, తర్వాత తమిళనాడు సర్కారు ప్రాథమిక బడులన్నిటికీ పాకింది. అయితే అమలులో రెండుచోట్ల చెడుతుంది. ఒకటి, కార్డు పోతే ఆ మెట్టు దగ్గర పిల్లలు వరుసగా ఆగిపోతారు. ఎక్కువ నలిగే కార్డులు రెండు ప్రతులు ఉండాల్సిందే. రెండోది, అయ్యవారు తరగతికంతా ఒకే కార్డు ఇస్తాడు. అప్పుడది మామూలు పాఠ్యపుస్తకమే, కాకపోతే ముక్కలు చేసింది. పదిమంది పిల్లలను ఏ మెట్టు మీద ఉన్నారో అడుగు. అందరూ ఒకే మెట్టు చెబితే ఆ బడి పేరు కొట్టేయ్.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, గుర్తింపు లేకుండా బడి నడపకూడదు. అందుకే కొన్ని సాయంత్రం కేంద్రాలుగానే నడుస్తాయి. వాటికి వేరే పట్టీ పెట్టు, లేదంటే పొద్దున సర్కారు బడిలో ఉన్న బిడ్డనే సాయంత్రం మళ్లీ లెక్కేస్తావు.

జూన్‌లో లెక్క తీయకు, అప్పటికి చేరికలు కుదురుకోవు. జూలై చివర ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి తీయి. మూతపడ్డ బడి పేరు చెరిపేయకుండా పక్కన ఏడాది, కారణం రాయి. ఏడు, ఎనిమిది తరగతుల దగ్గర మానేసిన పిల్లలు ఎక్కడికి పోయారో తప్పకుండా అడుగు. పది పరీక్ష భయంతో తీసుకుపోయిన తల్లిదండ్రులకు, పద్నాలుగేళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఓపెన్ స్కూలు)లో పది రాయొచ్చని తెలుసో లేదో కూడా రాసుకో.

ఫారం రాయగానే పంపు. ముందు మూడు బడుల్లో వాడి చూసి, ఏ గడి ఖాళీగా మిగులుతోందో చెప్పు.

నీ
శీను