లెక్క కట్టించి పక్కన పెట్టారు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం కూలీ రేట్ల మీద ఆర్థికవేత్తల పరిశోధన గురించి మీ పత్రికలో వార్త వచ్చింది. లోపలి పేజీలో, అడుగున, నాలుగు పేరాలు. అది చదివిన దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు.

కనీస కూలీ ఎంత ఉండాలో లెక్క కట్టమని ఆర్థికవేత్త అనూప్ సత్పతి కమిటీని వేసింది కేంద్ర కార్మిక శాఖే. మనిషికి రోజుకు 2,400 కేలరీలు, 50 గ్రాముల ప్రొటీన్, 30 గ్రాముల కొవ్వు కావాలని, దానికి బట్టలు, చదువు, మందుల ఖర్చు కలిపి, 2018 జులై ధరల్లో రోజుకు 375 రూపాయలైనా ఉండాలని 2019లో ఆ కమిటీ చెప్పింది. నగరాల్లో ఇంటద్దెకు ఇంకో 55 వరకు ఇవ్వమంది. అదే ఏడాది జులైలో ప్రభుత్వం జాతీయ కనీస కూలీని 176 నుంచి 178 చేసింది. రెండంటే రెండు రూపాయలు! ఆ మాత్రానికి అంత చదువుకున్నవాళ్లతో లెక్కలు కట్టించడం ఎందుకండీ?

నేను ఒక ఫ్యాక్టరీలో టైమ్ కీపర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మస్టర్, అంటే హాజరు పుస్తకం, నేనే రాసేవాణ్ని. పన్నెండు గంటలు చేసినవాడికి ఎనిమిదే రాయమనేవారు, రాసేవాణ్ని. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ మస్టర్ మీదే సంతకం పెట్టి వెళ్లేవాడు. ఆ పాపం ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే చెబుతున్నాను, ఆఫీసు కాగితాల్లో కూలివాడి నిజం ఉండదు. ఇంటికెళ్లి, రాతపూర్వక ఒప్పందం ఉందా, జీతంతో సెలవు ఇస్తారా అని వాణ్నే అడిగే సర్వేల్లో ఉంటుంది. అలాంటి సర్వేలు చేసే ఆర్థికవేత్తల మాట ఎవరూ వినరు.

ఉప్పల్లో మా ఇంటి దగ్గర పొద్దున ఆరింటికే లేబర్ అడ్డా నిండిపోతుంది. పాలమూరు వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు, ఒడిశా వాళ్లు. తొమ్మిది దాటిందా, మేస్త్రీ ఎంతంటే అంతకు పోవాల్సిందే. అదే ఇసుక తట్ట మోసినా ఆడవాళ్లకు తక్కువే. సమాన వేతనం చట్టం 1976 నాటిది! నిలబడటానికి ఓ షెడ్డు లేదు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఓట్లప్పుడు మాత్రం కండువాలు వేసుకుని అందరూ వస్తారు. ఆల్విన్‌లో కార్మికుడిగా పనిచేసి ముఖ్యమంత్రి అయిన అంజయ్య గారి నగరం ఇది. తలుచుకుంటే కడుపు మండుతుంది.

అయిదేళ్లకు మించకుండా రేట్లు సవరించాలని 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే రాశారు. ఏయే పనుల్లో ఆ గడువు దాటిపోయిందో కార్మిక శాఖ బయటపెట్టాలి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త వేతనాల కోడ్ వచ్చింది. దాని కింద కనీస స్థాయి కూలీ నిర్ణయించేటప్పుడైనా ఆ 375ను ఇప్పటి ధరలకు కట్టి చూడాలి.

మీకూ ఒక మనవి. బంగారం ధర రోజూ వేస్తారు. పక్కనే వారానికొకసారైనా తాపీ పనికి, సెక్యూరిటీ గార్డుకు, ఊడ్చే ఆమెకు సర్కారు లెక్కన రోజుకెంత రావాలో వేయండి. అడ్డా దగ్గర చాయ్ కొట్లో మీ పేపరే వస్తుంది. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు చెబుతారు.

— ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్